భజనలో పీల్చిన పొగ

శివరాత్రి జాతర నుంచి వచ్చిన మర్నాడు మా చిన్నోడు సాయిలు తలుపుకు అడ్డంగా మంచం వేసి కూర్చున్నాడు. చర్చి గంట మోగితే తన పేరు పెట్టి పిలుస్తోందన్నాడు. అన్నం పెడితే వాసన చూసి కంచం నెట్టేశాడు. కూర్చుంటాడు, లేస్తాడు, ఇల్లంతా తిరుగుతాడు. వాడి వెనక నేను.

దేవుడు పూనాడన్నాడు మా ఆయన. పూనితే దిగాలి కదా, దిగలేదు. దవాఖానకు తీసుకుపోయాం. బి.పి. చూశారు, బ్లడ్ టెస్ట్ చేశారు. అన్నీ నార్మల్.

"ఏమన్న హ్యాబిట్స్ ఉన్నయా?" అని డాక్టరు అడిగాడు.

"ఏం మాట సారూ! కల్లు ముట్టడు. భజన పిల్లగాడు" అన్నాడు మా ఆయన.

నిద్రగోళీలిచ్చి పంపారు. లేస్తే మళ్ళీ అదే. ఒక పొద్దున బావిగట్టు మీద నిలబడి లోపలికి వంగుతుంటే రెక్క పట్టి గుంజాను. "గొలుసేసి కట్టేయుండ్రి" అంది పక్కింటామె. కట్టనివ్వలేదు. మళ్ళీ దవాఖానకే నడిపించాను.

ఈసారి డాక్టరమ్మ ఉంది. జాతర నుంచి వచ్చాకే ఇట్లా అయ్యాడని నేను చెబితే, వాడి పక్కనే బెంచీ మీద కూర్చుంది.

"జాతర్ల ఏ పాటలింటవ్ సాయిలూ? డప్పుల కాడ ఎగురుతవా, తత్వాల కాడ కూసుంటవా?"

"డప్పులెవడింటడమ్మా! తత్వాలే."

"ఆడ గంజాయి చిలుం తిరుగుతదా?"

"తిరుగుతది. దమ్ము కొడితేనే రాగం లోపల్కెల్లి వస్తది."

మా ఆయన అడ్డం పడ్డాడు. "అది నిషా కాదమ్మా, శివుని ప్రసాదం!"

"శివుడు తట్టుకుంటడు పెద్దయ్యా. నీ కొడుకు తట్టుకుంటలేడు."

మా దగ్గర లెక్క అట్లాగే ఉండేది. డప్పుల దగ్గర ఎగిరేవాళ్ళు తాగుబోతులు, తత్వాలు పాడేవాళ్ళు బుద్ధిమంతులు. చిలుం పొగను ఎవరూ నిషాలో కలపలేదు.

అడ్మిట్ చేసి ఇంజెక్షన్లు ఇచ్చారు. గంట పిలవడం ఆగింది గానీ చేతులు వణికాయి, మెడ బిగిసింది. సైడ్ ఎఫెక్ట్ అని డోసు తగ్గించారు. ఇంటికొచ్చాక, "అవ్వా, దమ్ము లేకుంటే గొంతు లేస్తలేదే" అని ఏడ్చాడు. ఏకాదశి భజనకు చెప్పకుండా పోయి దమ్ము కొట్టొచ్చాడు, గంట మళ్ళీ పిలవడం మొదలైంది. మళ్ళీ అడ్మిట్. నేను భజనవాళ్ళ దగ్గరికి పోయి, "నా కొడుకు చేతికిస్తే మీ చిలుం పలగ్గొడ్త" అన్నాను. "అమ్మో, ముసల్దానికి కాళిక పూనింది" అని నవ్వారు. నవ్వనీ. ఆ తర్వాత వాడికివ్వలేదు.

ఇప్పుడు సాయిలు నర్సాపూర్ రోడ్డు మీద సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. పాడతాడు, గొంతు మునుపటంత పైకి పోదు. జాతరకు పొద్దున పోయి చీకటి పడకముందే వస్తాడు. వచ్చేదాకా నేను కూర్చోలేను, నిలబడలేను.

ముసలితనంలో రాత్రిబడిలో నేర్చిన అక్షరాలివి, వంకరపోతే పోనీ. ఒక్క మాట చెప్తాను. అలవాట్లేమిటని డాక్టరు అడిగితే "లేవు" అని తెంపేయకండి. మీ పిల్లవాడు ఎవరితో కూర్చుని పాడతాడో, అక్కడ ఏది చేతులు మారుతుందో చెప్పండి. పరువు తర్వాత చూసుకోవచ్చు.