జట్టంతటికీ గజ్జ నొప్పే

కెనడాలో సస్కాచువాన్ రాష్ట్రంలోని ఆ చిన్న ఊరి ఐస్ హాకీ జట్టుకు ఒక పచ్చ నీళ్ల సీసా ఉండేది. అందరూ అందులోనే తాగాలి. సొంత సీసా తెచ్చుకున్నవాడు మగాడే కాదని కెప్టెన్ గార్త్ తీర్మానం. గోల్‌కీపర్ వెర్న్ కుజిక్ ఆ సీసాను అందరికంటే భక్తిగా చప్పరించేవాడు.

కిందటి చలికాలం ఆ సీసా గవదబిళ్లల్ని కూడా ఏ తేడా చూపకుండా పంచిపెట్టింది. వెర్న్ దవడలు బూరెల్లా పొంగితే అందరూ పగలబడి నవ్వారు. దవడలు తగ్గుతుండగా వాపు కిందికి దిగి ఒక వృషణాన్ని పట్టుకుంది. దానికి ఎవరూ నవ్వలేదు, వాడు ఎవరికీ చెబితేగా!

"గజ్జ పట్టేసిందిరా" అన్నాడు, కాళ్లు ఎడంగా వేసి నడుస్తూ.

హాకీ ఆడేవాడికి గజ్జ నొప్పంటే పతకంతో సమానం. జట్టంతా కర్రలు మంచు మీద టకటకలాడించి మెచ్చుకుంది. చిత్రమేమిటంటే, ఆ నెలలోనే మరికొందరికీ గజ్జలు పట్టేశాయి.

వాపు పోయింది. వృషణం మాత్రం కుంచించుకుపోయింది. ఇక తండ్రినవుతానో లేదోనని వెర్న్ లోలోపల హడలిపోయాడు. భార్య టానిస్ బిడ్డ కోసం ఎదురుచూసి చూసి, లోపం తనదేననుకుని పరీక్షలు, సూదులు మొదలుపెట్టింది.

"నువ్వూ ఒకసారి చూపించుకోకూడదూ?"

"మా ఇంట్లో మగాళ్లకి అలాంటివి ఉండవు" అని ఆలుగడ్డ కూరిన పెరోగీల పళ్లెంలో తల దూర్చేవాడు ఆ శూరుడు. పక్కన భార్య సూదులు పొడిపించుకుంటుంటే నోరు మెదపనివాణ్ని ఇంకేమనాలి!

చివరికి భయం భరించలేక, టోపీ కళ్లదాకా లాక్కుని, ఎవరి కంటా పడకూడదని సస్కటూన్ నగరంలోని ఆస్పత్రికి వెళ్లాడు. అక్కడ బెంచీ మీద గార్త్ కూర్చుని ఉన్నాడు. అతని టోపీ ముక్కుదాకా దిగి ఉంది.

"నీదీ గజ్జేనా?"

"నోర్మూసుకుని కూర్చోరా."

పరీక్షలయ్యాక మరోసారి పిలిచి డాక్టరమ్మ చెప్పింది. "తండ్రయ్యే దారి పూర్తిగా మూసుకుపోలేదు. కానీ వీర్యకణాలు బాగా తక్కువ. కొన్నాళ్లాగి మళ్లీ చూద్దాం. ముందే వచ్చుంటే మీ ఆవిడకి ఇన్ని పరీక్షలు తప్పేవి కదా?"

ఇంటికొచ్చేసరికి టానిస్ మోచేతి దగ్గర దూది అదుముకుని ఉంది. వెర్న్ చూపు నేలమీంచి ఎత్తకుండా సీసా దగ్గర్నుంచీ అంతా చెప్పేశాడు. మెచ్చుకోవడానికి అక్కడ కర్రలు కొట్టేవాళ్లు లేరు.

ఆమె అరవలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, కమిలిన మచ్చలన్నీ అతని ముందు పెట్టింది.

"ఇన్నాళ్లూ నీ గజ్జకి నేను సూదులు పొడిపించుకున్నానా, వెర్న్?"