లేవలేని బర్రెతో పదకొండు రోజులు

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. జగిత్యాల దగ్గర, పెగడపల్లి వైపు ఒక ఊళ్ళో నేను పశువైద్యురాలిని. ఆస్పత్రికి తాళం వేసి, రోడ్డు పక్క దీక్షా శిబిరంలో కూర్చునేదాన్ని. అత్యవసరమైతేనే లేచి వెళ్ళేదాన్ని.

ఒక ఉదయం రాజవ్వ శిబిరానికి వచ్చింది. కూలికి పోయే మనిషి, గుంట భూమి లేదు. ఉన్నది ఒక్క బర్రె.

"డాక్టరమ్మా, ఈని మూడొద్దులాయె. బర్రె లేస్తలేదు. కోతకు ఇయ్యమని బేరగాడు ఇంటి ముందట కూసున్నడు."

వెళ్ళి చూశాను. దూడ పెద్దది, బలవంతంగా లాగారట. బర్రె మేత బాగానే తింటోంది. కాల్షియం ఎక్కించినా లేవలేదు. గిట్టల మధ్య గట్టిగా నొక్కితే కాలు కొద్దిగా వెనక్కి తీసుకుంది. ఎముకలు విరగలేదు. దూడ వచ్చేటప్పుడు లోపల నరం నలిగి వెనక కాళ్ళు పట్టు తప్పడాన్ని కాల్వింగ్ పెరాలసిస్ అంటాం. నరం కోలుకునేదాకా కండలు చచ్చుబడకుండా చూడాలి. అందుకు ఫిజియోథెరపీ తప్ప దారి లేదు.

బేరగాణ్ణి పంపించేసి, రాజవ్వకు పని నేర్పాను. కింద ఇసుక, పైన గడ్డి. మూడు గంటలకోసారి పక్క మార్చడం. వేడి గుడ్డతో కాపడం, తొడలు రుద్దడం, కీళ్ళు మడిచి చాపడం. ఇక రోజుకు రెండుసార్లు స్లింగ్‌తో, అంటే కడుపు కింద వెడల్పాటి పట్టీ వేసి, పైకి లేపాలి.

బస్సులు లేవు, స్లింగ్ తెప్పించే వీలు లేదు. ట్రాక్టర్ల మీద కప్పే టార్పాలిన్ పట్టాలు కుట్టే యూసుఫ్ భాయ్ నాలుగు పొరల పట్టా కుట్టాడు. "పొదుగు కాడ ఒరుసుకుంటది మేడం" అంటూ అక్కడ పాత బొంత ముక్క కలిపాడు. మూడు పొడవాటి మొద్దులను పైన కలిపి నిలబెట్టి చైన్ పుల్లీ కట్టాం. శిబిరం నుంచి పదిమంది వచ్చి బర్రె నడుము పట్టేవాళ్ళు. లేపేటప్పుడు వాళ్ళు జై తెలంగాణ అంటుంటే బర్రె బెదురుతోందని రాజవ్వ ఆపించింది.

ఎనిమిదో రోజు కూడా బర్రె పట్టాలో మూటలా వేలాడింది. తుంటి దగ్గర పుండు పడింది.

"ఇగ లేవదేమో రాజవ్వా. దాన్ని ఇంకా బాధపెట్టుడు నాకు మంచిగనిపిస్తలేదు" అన్నాను.

ఆమె కాపడం గుడ్డ పక్కన పెట్టింది. "గీ కాలు జర మడిచి చూడుండ్రి. నిన్నటిదాంక మెత్తగ ఒంగేది. ఇయ్యాల నా చెయ్యిని ఎదురు నూకుతాంది."

కూర్చుని మడిచాను. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత, చాలా సన్నగా, కాలు నా అరచేతిని నెట్టింది. మొదటి రోజు తర్వాత నేను ఆ కాలును నా చేత్తో మడిచి చూడనేలేదు. మర్నాటి నుంచి రోజుకు మూడుసార్లు లేపాం.

పదకొండో రోజు పట్టా వదులు చేస్తుంటే బర్రె కిందికి రాలేదు. కాళ్ళు వణుకుతూ నిలబడింది. రాజవ్వ దూడను తెచ్చి పొదుగు దగ్గర వదిలి, అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ బర్రె చివరిదాకా ఎడమ కాలు కొంచెం ఈడుస్తూనే నడిచింది. మరో రెండు ఈతలు ఈనింది.

ఆ ఎనిమిదో రోజు నేను చూపుతోనే నిర్ణయం చెప్పేశాను. ఆ తర్వాత ఏ పశువుకైనా ఇక లేవదని చెప్పే ముందు, దాని కాళ్ళు రుద్దుతున్న మనిషిని అడుగుతున్నాను.