నూటికి రెండు తక్కువ

లెక్కల టీచరును పిల్లలు చాటుగా శేషం టీచర్ అంటారు. ఏ భాగహారం చెప్పినా చివర్లో "మరి శేషం ఎంత?" అని అడక్క మానదు. పెళ్ళి చేసుకోలేదు, అద్దె గదిలో ఒక్కతే ఉంటుంది కనుక పేరు బాగా అతుక్కుందని స్టాఫ్‌రూములో నవ్వుకునేవారు. ఆ నవ్వు ఆవిడ చెవిన పడకపోలేదు.

ఆ ఊరి హైస్కూలు గేటు పక్కన ఒక బోర్డు ఉంది. పదో తరగతిలో నూటికి ఎంతమంది గట్టెక్కారో ఏటా దాని మీద రాస్తారు. ఆరేళ్ళుగా వందకు వంద. హెడ్మాస్టరుగారు గొప్ప తెలివైన మనిషి లెండి. పరీక్షలకు ముందే చదువు అంతంతమాత్రంగా ఉన్న పిల్లల తల్లిదండ్రులను పిలిపించి, "మావాడు ఇక బడికి రాడు, ప్రైవేటుగా రాసుకుంటాడు" అని కాగితం రాయించుకుంటారు. వాళ్ళు తప్పినా బడి లెక్కలోకి రారు. వీడు గట్టెక్కడని ఒప్పుకుంటూ కింద క్లాసు టీచరు సంతకం పెట్టాలి. పదో తరగతి క్లాసు టీచరుగా ఆరేళ్ళలో ఆవిడ ముప్పై ఒక్క సంతకాలు పెట్టింది.

ఈ ఏడు ఒక్క కాగితం మీద మాత్రం పెట్టనంది. అది దర్జీ కూతురిది. ఆ పిల్లకు లెక్కలంటే గుండెదడ. అయినా రోజూ సాయంత్రం బల్ల దగ్గరకొచ్చి అదే లెక్క మూడోసారి అడిగేది.

"బడి పరువు మీ చేతిలో ఉందమ్మా," అన్నారు హెడ్మాస్టరు.

"పిల్ల కూడా నా చేతిలోనే ఉందండీ," అంది ఆవిడ.

ఫలితాలొచ్చాయి. యాభై మందిలో దర్జీ కూతురొక్కతే తప్పింది. అదీ లెక్కల్లోనే, నాలుగు మార్కుల తేడాతో. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు డ్రాయింగు మాస్టారు ముందే బోర్డు మీద వంద వేసి ఉంచాడు. ఇప్పుడు దాన్ని చెరిపి తొంభై ఎనిమిది వేస్తూ ఆవిడ వైపు చూడనైనా లేదు. స్టాఫ్‌రూములో ఆవిడ కూర్చోగానే అందరికీ ఒక్కసారే పనులు గుర్తొచ్చాయి. ఇంతా చేసి ఆ పిల్లనూ గట్టెక్కించలేకపోయానే అని ఆవిడకు ఏడుపొచ్చింది. బడిలో ఏడవడం ఇష్టం లేక గదికి వచ్చేసింది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. దర్జీ కూతురు, చేతిలో లెక్కల పుస్తకం.

"నామీద కోపమా టీచర్?"

"నీమీదెందుకే. నామీదే."

"మళ్ళీ రాస్తా. నాన్న ఇక చాలన్నాడు. మా టీచరు నా కాగితం మీద సంతకం పెట్టలేదుగా అన్నాను. ఇంకేమీ అనలేదు."

తను పెట్టిన సంతకం చూపించి ముప్పై ఒక్క ఇళ్ళలో ఏమని ఉంటారో ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ పిల్లల్లో ఒక్కరూ మళ్ళీ ఈ తలుపు తట్టలేదు. ఎందుకు తడతారు?

గదిలో ఉన్న ఒక్క కుర్చీ పిల్లకిచ్చి, తను మంచం మీద కూర్చుంది. పిల్ల లెక్క చేసుకుంటుంటే ఒక తెల్లకాగితం తీసి ఆ ముప్పై ఒక్కరి పేర్లు రాయడం మొదలుపెట్టింది. తొమ్మిదో పేరు దగ్గర ఆగిపోయింది. ఎంత ఆలోచించినా పదో పేరు గుర్తు రాలేదు.