ముందుమాటలో మాత్రమే ఉన్న కథ

నా కథల పుస్తకం అచ్చవుతున్న రోజుల్లో నాకు ఒకటే కోరిక ఉండేది. నాకు చుట్టం కానివాళ్ళు, నాతో పని లేనివాళ్ళు, నేను టీ తాగించనివాళ్ళు ఎవరైనా ఒక్కరు దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవాలి. అవార్డులూ సన్మానాలూ నాకు అక్కర్లేదని అందరితో అంటుండేవాణ్ణి. అది అబద్ధం, శాలువా రంగు కూడా ఎంచుకుని పెట్టుకున్నాను. ఆ ఒక్క పాఠకుడి సంగతి మాత్రం నిజం.

అప్పుడు మేం పంజగుట్టలో ఒక మేడ వెనకవైపు రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. మాసబ్ ట్యాంక్‌లో నా ఉద్యోగం. ఊరంతా కంప్యూటర్ నేర్చుకుంటోంది. అమీర్‌పేటలో కాసేపు కదలకుండా నిలబడితే ఒంటికి కోచింగ్ సెంటర్ పోస్టరు అంటించి పోయేవారు. నా వీపుకి ఒకసారి అలాగే అంటించారు. చూసుకోకుండా ఆఫీసుకి వెళ్తే మా సూపరింటెండెంటు దాన్ని పూర్తిగా చదివి, ఫీజులో ఏమైనా తగ్గిస్తారా అని అడిగాడు. నా రచన కాకపోయినా, నా మీద ఉన్నది ఒకరు పూర్తిగా చదవడం నాకు తెలిసి అదొక్కసారే.

ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోవడంతో నేనే వేసుకున్నాను. సొంతంగా వేసుకునే రచయితలు ప్రచురణకర్త అన్నచోట భార్య పేరు వేయడం మామూలే కాబట్టి నేనూ మా ఆవిడ పేరు వేశాను.

"ఏంటండీ, రేపు ఎవరైనా తిడితే నన్ను తిడతారా?" అంది.

"తిట్టాలంటే చదవాలి కదా" అన్నాను. అప్పుడు నవ్వుతూనే అన్నాను.

ముందుమాట కోసం మా సాహిత్య సభల్లో అందరూ లేచి నిలబడే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మూడు నాలుగు పేజీలు రాస్తే చాలని వేడుకున్నాను. ఆయన నా కథలను మించిపోయేలా రాసిచ్చారు. అందులో 'ఎండ అద్దెకివ్వబడును' అనే కథను ఆకాశానికెత్తేశారు. అమీర్‌పేటలో ఒక ఇంటి ఓనరు, చుట్టూ అపార్టుమెంట్లు లేచి హాస్టళ్ళలో బట్టలారేసుకోవడానికి చోటు లేకపోతే, తన డాబా మీద పడే ఎండను గంటల లెక్కన హాస్టలు పిల్లలకు అద్దెకిస్తాడు. అదీ ఆ కథ. "ఈ సంపుటికి తలమానికం" అని రాశారాయన.

ప్రెస్సులో చిక్కొచ్చి పడింది. పుస్తకాన్ని పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చు వేస్తారు. పెద్దాయన ముందుమాట పెరిగిపోయి ఇంకో ఫారంలోకి పొంగింది. ఆ ఇంకో ఫారం ఖర్చు భరించడం నా వల్ల కాదు. ప్రెస్సాయన ప్రూఫులు అటూ ఇటూ తిప్పి, "ఈ ఒక్క కథ తీసేస్తే సరిగ్గా అతుకుద్దండీ" అన్నాడు. వేలు పెట్టి చూపించింది ఎండ కథనే.

ముందుమాట తగ్గించమని పెద్దాయనతో అనే ధైర్యం మా వాళ్ళలో ఎవరికీ లేదు. కావాలంటే రచయిత తన పుస్తకం మొత్తం తీసేసుకోవచ్చు, ముందుమాటలో కామా తీయడానికి వీల్లేదు. కథే తీసేశాను. ముందుమాట ఉన్నదున్నట్టు ఉండిపోయింది. చదివినవాళ్ళు వెతుక్కుని నన్ను నిలదీస్తారని భయపడ్డాను. నిలదీస్తే రెండో ముద్రణలో వేస్తానని చెప్పాలని సమాధానం కూడా సిద్ధం చేసుకున్నాను.

పంజగుట్టలో ఒక చిన్న హాల్లో ఆవిష్కరణ పెట్టాం. మొదటి వక్త ఎండ కథ గురించి మాట్లాడాడు. రెండో ఆవిడ కూడా దాని గురించే మాట్లాడింది. మూడో ఆయన గొంతు సవరించుకుని, "ఆ కథ ముగింపు చదివి రాత్రంతా నిద్రపోలేదండీ. కన్నీళ్ళాగలేదు" అన్నాడు. ఆ కథ ముగింపులో ఓనరు లుంగీని కోతి ఎత్తుకుపోతుంది. అందులో ఏడవాల్సింది ఓనరొక్కడే.

సభ అయ్యాక ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఎలా రాశారండీ అసలు?" అన్నాడు.

"మీలాంటివారు చదువుతారన్న ధైర్యంతోనండీ" అన్నాను.

తరవాత ఒక పత్రికలో సమీక్ష వచ్చింది, ఎండ కథ మరువలేనిదని. మా బావగారు ఫోన్ చేసి, అన్నీ ఒక ఎత్తు, ఎండ కథ ఒక ఎత్తన్నారు. ఎవరో ఒకరు "అయ్యా, ఆ కథ ఇందులో లేదే" అని తిడతారని కాచుకుని కూర్చున్నాను. తిట్టేవాడు రాలేదు. కొన్నాళ్ళకి నాకే అనుమానమొచ్చి పుస్తకం తీసి విషయసూచిక చూసుకున్నాను. లేదు.

మంచం కింద అట్టపెట్టెలు కదలలేదు. ఊడ్చేటప్పుడు చీపురు అడ్డం తగిలి మా ఆవిడ, "ప్రచురణకర్తగా చెబుతున్నాను, వీటిని ఎక్కడికైనా చేర్చండి" అంది. కొన్ని తీసుకెళ్ళి అమీర్‌పేటలో మైత్రీవనం కాంప్లెక్సు ముందు పేవ్‌మెంటు మీద కంప్యూటర్ గైడ్లు అమ్మే అతన్ని బతిమాలి పెట్టించాను. జావాకీ ఒరాకిల్‌కీ మధ్య కూర్చుంది నా పుస్తకం. రోజూ ఆఫీసు నుంచి వస్తూ, ఊరికే ఇటు వచ్చినట్టు నటిస్తూ చూసిపోయేవాణ్ణి. ఎలా పెట్టానో అలాగే ఉండేది.

ఒకరోజు దూరం నుంచే అతను చెయ్యి ఊపాడు.

"సార్, జల్ది రార్రి! నీ బుక్కు మీద లొల్లి అయితుంది."

ఒకమ్మాయి నా పుస్తకం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. వీపున బ్యాగు, మెడలో ఇన్‌స్టిట్యూట్ కార్డు.

"మీరేనా సార్ రాసింది? ఎండ కథ ఏది? ముందల గంత పొగిడిన్రు. మొత్తం తిప్పిన, యాడా లేదు. గిది మోసం కాదా?"

ఆ అమ్మాయి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. చుట్టూ జనముండి ఆగాను.

"మిగతా కథలు చదివావామ్మా?"

"చదవలే సార్. ఎండ ఏడుందో చూసుకుంట తిప్పిన. మా హాస్టల్ల చుక్క ఎండ రాదు. బట్టలన్నీ ఫ్యాన్ కిందనే ఆరేస్తం, ఒకటే ముక్కిన వాసన. ఎవరో గిది సుత రాసిన్రా అని కొన్న."

"ఇంక తిట్టకు తల్లీ, నోటితో చెబుతా విను" అని అక్కడే, జిరాక్స్ సెంటర్ మెట్ల పక్కన నిలబడి మొదలుపెట్టాను. అంత బాగా నేనెప్పుడూ కథ చెప్పలేదు. ఓనరు డాబాని సున్నంతో గళ్ళు గళ్ళుగా గీయడం, మబ్బు నీడ పడినంతసేపూ అద్దె తగ్గించమని హాస్టలు పిల్లలు పేచీ పెట్టడం, అన్నీ చెప్పాను. పుస్తకాలతను గిరాకీని నిలబెట్టి మరీ విన్నాడు. అమ్మాయి పడీ పడీ నవ్వింది. నవ్వి, ఉన్నట్టుండి ఆగి అడిగింది.

"గది సరే సార్. మరి ముసురు పట్టినప్పుడు? వారాలకు వారాలు ఎండ రాకపోతే, ఆ ఓనరు ఎట్ల బతుకుతడు?"

అన్నేళ్ళు ఆ కథని మోశానే గానీ, ఆ ఓనరు వానాకాలం ఏం తింటాడో ఒక్కసారీ అనుకోలేదు. పెద్దాయనా అనుకోలేదు. కన్నీళ్ళాగనాయన సరేసరి.

"బ్యాచ్‌కు టైమైంది సార్. రేపొస్త, చెప్పుర్రి" అంది. పుస్తకాలతనికి నా పుస్తకం తిరిగిచ్చేసి, బదులుగా టెస్టింగ్ టూల్స్ గైడు తీసుకుని మైత్రీవనం మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆఫీసులో ఒక్క ఫైలూ ముట్టుకోలేదు. వానాకాలం ఓనరు ఏం చేస్తాడో దొరికింది. నేను రాసినవాటన్నిటిలో అదే మంచి ముక్కని ఇప్పటికీ అనుకుంటాను. సాయంత్రం పరుగున వెళ్ళాను. ఆ అమ్మాయి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆ వారమంతా వెళ్ళి మెట్ల పక్కన నిలబడ్డాను.

"బెంగళూర్ల ఇంటర్వ్యూ అంట సార్, రూమ్ సుత ఖాళీ చేసిందట. దాని దోస్తు చెప్పింది" అన్నాడు పుస్తకాలతను.

"నీకు చెప్పనా? ఆ ఓనరు ముసురులో ఏం చేశాడో?"

"చెప్పు సార్" అన్నాడు గానీ కళ్ళు ఆకాశం మీద ఉన్నాయి. నేను ఓనరు డాబా ఎక్కేదాకా చెప్పానో లేదో, చినుకులు మొదలయ్యాయి. అతను ప్లాస్టిక్ పట్టా లాగి జావా, ఒరాకిల్, టెస్టింగ్ అన్నిటినీ ఒక్క ఊపులో కప్పేశాడు. గాలికి పట్టా లేస్తుంటే నా పుస్తకాలు బయటికి తీసి, ఒక్కో మూలన ఒక్కోటి బరువుగా పెట్టసాగాడు.

"ఏమనుకోకు సార్. గైడ్లు తడిస్తే నా బతుకు పోతది. గివి తడిస్తే ఎవరడుగుతరు?"

నేనేమీ అనుకోలేదు. నా వైపు మూల ఇంకా లేస్తూనే ఉంది. అతని చేతులు ఖాళీగా లేవు. మిగిలిన కాపీ అందుకుని ఆ మూల మీద నేనే పెట్టి, ఎగరకుండా అరచేత్తో నొక్కి పట్టుకున్నాను.