చెవులను కాదనుకున్న దెరమాన్

చేపలు మాట్లాడతాయంటే నవ్వేవాళ్ళు తూర్పు తీరాన ఉన్న పాసిర్ గెలాం ఊళ్ళో ఎవరూ లేరు. వాటి మాటలు విని దెరమాన్ చెప్పిన జాడల మీదే ఆ ఊరు నలభై ఏళ్ళు అన్నం తింది. పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి దిగి, తల ముంచి, ఊపిరి బిగబట్టి వినేవాడు. పైకి తేలి, "గెలామ చేపల మంద. పెద్దదే. ఉత్తరంగా పోతోంది" అంటే వలలు ఉత్తరంగానే పడేవి. చేపల్ని చూపించే యంత్రాలు వచ్చాక కూడా ఆయన్ని ఎక్కించుకోకుండా ఏ పడవా కదలలేదు. నీళ్ళలో అంత వినే మనిషి ఒడ్డున మాత్రం భార్య మెక్ సోమ్ మూడుసార్లు పిలిస్తే గానీ పలికేవాడు కాదు. "నేను చేపనై పుట్టాల్సింది, అప్పుడు వినపడేదాన్ని" అని ఆవిడ సాధించేది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, సుహైలా. ఎయిర్ హోస్టెస్. మార్చి నెలలో ఒక శుక్రవారం రాత్రి ఆమె పనిచేస్తున్న విమానం రాజధానిలో బయలుదేరి, తూర్పు సముద్రం మీదికి వచ్చి, కనపడకుండా పోయింది. అందులో నూట అరవై మంది ఉన్నారు. విమానం తూర్పు సముద్రంలోనే పడి ఉంటుందని, మత్స్యకారులు వెతుకులాటలో సాయపడాలని శనివారం ఉదయం ప్రభుత్వం టీవీలో కోరింది.

ఊళ్ళో ఉన్న పదకొండు పడవలూ ఆ పూటే దిగాయి. వాటికి దారి చూపించడానికి నౌకాదళం పంపింది పరాయివాణ్ణి కాదు, అందులో పనిచేసే దెరమాన్ అక్క కొడుకు జమ్రీనే. తల్లి పోయాక జమ్రీ ఈ ఇంట్లోనే పెరిగాడు. సుహైలాతో ఒక్క పళ్ళెంలో తిన్నవాడు. రోజూ పొద్దున్నే మ్యాపు పరిచి, ఇవాళ ఈ గళ్ళు వెతకాలని వేలు పెట్టి చూపించేవాడు.

ఆ పిల్ల ఏ చెక్కముక్కనో పట్టుకుని తేలుతూ ఉంటుందన్న ఆశ ఒక్కటే దెరమాన్‌ని నిలబెట్టింది. ప్రతి గడిలోనూ దిగి విన్నాడు. మొదటి రోజు సాయంత్రమే తేల్చి చెప్పాడు.

"ఇక్కడ లేదురా."

"ఎలా చెప్పగలవు మామా?"

"అంత ఇనుము నీళ్ళలో పడితే చేప ఉన్నచోట ఉంటుందా? కాస్త డీజిల్ కారితేనే ఆమడ దూరం పోతుంది. గెలామలు ఎప్పుడూ ఉండేచోటే కూర్చుని కబుర్లాడుకుంటున్నాయి. ఈ నీళ్ళలో ఏదీ పడలేదు."

జమ్రీ మ్యాపు మడతపెట్టాడు. "పెద్దవాళ్ళు చూసి చెప్పారు మామా. వాళ్ళ దగ్గర శాటిలైట్లున్నాయి."

ఊరి టీ కొట్లో టీవీ ఆగకుండా మోగుతూనే ఉంది. రోజూ సాయంత్రం ఒక అధికారి వచ్చి నీళ్ళు నమిలేవాడు. విమానం వెనక్కి తిరిగిందంటున్నారు, నిజమేనా అని విలేకరులు అడిగితే, "అన్ని కోణాలూ పరిశీలిస్తున్నాం. పుకార్లు నమ్మవద్దు. బాధిత కుటుంబాల మనోభావాలను గౌరవించండి" అనేవాడు.

"మన మనోభావాలు ఈయనకెవరు చెప్పారు? మన గడప తొక్కినవాడు ఒక్కడూ లేడే" అంది మెక్ సోమ్.

అయిదో రోజు దెరమాన్ పైకి తేలేసరికి ఎడమ చెవిలోంచి రక్తం కారుతోంది. జమ్రీ తువ్వాలు తడిపి తుడిచాడు.

"నా చెవులు పోయాయిరా" అన్నాడు దెరమాన్. "ఇన్ని దేశాల ఓడలు ఇక్కడే తిరుగుతున్నాయి. వాళ్ళందరూ పిచ్చివాళ్ళా? వినపడనిది నాకే."

జమ్రీ తువ్వాలు పిండి ఆరేశాడు. సీసా అందిస్తూ, "మంచినీళ్ళు తాగు మామా" అన్నాడు.

ఆ సాయంత్రం టీ కొట్లో అందరూ ఉండగా దెరమాన్ లేచి నిలబడ్డాడు. "ఇకమీదట చేపలకు నన్ను పిలవకండి. నా దగ్గర నేర్చుకున్న జూసోని తీసుకెళ్ళండి. నాకు వినికిడి పోయింది" అన్నాడు. ప్రభుత్వం అబద్ధమాడుతుందన్న మాట ఆయన బుర్రకు తట్టనే లేదు. సర్కారు మాటకూ తన చెవులకూ పొత్తు కుదరకపోతే చెవులనే కాదనుకునేంత మంచివాడు. అలాంటివాళ్ళ మంచితనం మీదే ప్రభుత్వాలు కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటాయి.

తొమ్మిదో రోజు ఆదివారం. ఆ అధికారి కంటే పెద్దాయన టీవీలోకి వచ్చాడు. మొదటి రాత్రే విమానం వెనక్కి తిరిగి, దేశాన్ని అడ్డంగా దాటి, పశ్చిమ సముద్రం మీదికి పోయినట్టు సైనిక రాడార్‌లో ఉందన్నాడు. తూర్పున గాలింపు ఆపేస్తున్నామన్నాడు. సహకరించిన మత్స్యకారులకు కృతజ్ఞతలు కూడా చెప్పాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. టీ కొట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

దెరమాన్ నేరుగా పడవల రేవుకు వెళ్ళాడు. జమ్రీ మ్యాపులు చుట్టి సంచిలో పెడుతున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

జమ్రీ ఇంకో మ్యాపు చుట్టసాగాడు.

"వినపడలేదా? చెవిటివాణ్ణి నేను గదా, నువ్వు కాదు."

"రెండో రోజు పొద్దున తెలిసింది మామా. ఆదివారం. అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. మన రాడార్ ఎంత దూరం చూస్తుందో పక్క దేశాలకు తెలిసిపోతుందన్నారు. ఆ రాత్రి రాడార్‌లో విమానాన్ని చూసి కూడా ఎవరూ పట్టించుకోలేదన్నది బయటపడుతుందనే అసలు భయం. నోరు విప్పితే జైలే అన్నారు."

"తెలిసి కూడా రోజూ గళ్ళు చూపించావు."

"ఆర్డరు మామా."

"సరే, ఆర్డరే. విమానం మాట ఎత్తొద్దు. నా చెవి తుడిచిన రోజు, 'మామా, నీ చెవులు బాగానే ఉన్నాయి' అని ఒక్క మాట అనుంటే ఏం పోయేదిరా? దానిక్కూడా జైల్లో వేసేవాళ్ళా?"

జమ్రీ ఏడుస్తూ, క్షమించమని ఆయన చేతిని ముద్దు పెట్టుకోబోయాడు. దెరమాన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళుంటారని ఆయన వినడమే గానీ, వాళ్ళు తన ఇంటి అన్నం తిని పెరుగుతారని అనుకోలేదు.

మర్నాడు బస్సెక్కి పది గంటలు ప్రయాణం చేసి పశ్చిమ తీరానికి చేరాడు. అక్కడ బహరోం అనే పడవాయన, కూతురి సంగతి విని, మారు మాట్లాడకుండా సముద్రంలోకి తీసుకెళ్ళాడు. కొంత దూరం పోయాక ఇంజను ఆపి, దెరమాన్ పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"ఆ రోజు తెల్లారకముందు వలలు తీస్తున్నాం, అన్నా. నెత్తిమీంచే పోయింది. అంత కిందుగా విమానం మేమెప్పుడూ చూడలేదు. శనివారం రాత్రి గుట్టెక్కి చూస్తే దూరంగా నీళ్ళ మీద ఒక దీపం. ఎవరో టార్చి పట్టుకుని ఊపుతున్నట్టు."

"మీరు వెళ్ళలేదా?"

"ఠాణాలో చెప్పాం. విమానం తూర్పున పడింది, టీవీ చూడట్లేదా అన్నారు. పోనీ మేమే చూసొస్తామంటే, ఆ నీళ్ళలోకి పడవ దించితే లైసెన్సు తీసేస్తామన్నారు. ఆదివారం రాత్రి కూడా కనపడింది. సోమవారం లేదు."

విమానం నీళ్ళలో దిగితే తెప్ప విప్పి, టార్చి పట్టుకుని పిలవాల్సింది సిబ్బందే. శిక్షణలో తనకు అదే నేర్పారని సుహైలా ఒకసారి వంటింట్లో చేసి చూపించింది.

దెరమాన్ నీళ్ళలోకి దిగలేదు. పడవ తిప్పమన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మెక్ సోమ్ గుమ్మంలో కూర్చుని ఉంది. "ఏమైనా తెలిసిందా?" అంది.

ఆమె మనసు కష్టపెట్టకూడదనుకున్నాడు. మనోభావాలంటూ టీవీలో అధికారి కూడా రోజూ ఆ మాటే చెప్పేవాడని ఆయనకు తెలుసు. తెలిసే, "ఏమీ లేదు. ఆ సముద్రం నాకు కొత్త" అన్నాడు.

ఆమె నమ్మింది. లేచి ఆయనకు అన్నం పెట్టింది.