ఆఫీసు కంప్యూటర్లో నా స్కాన్ రిపోర్టు

గిద్దలూరు నుంచి రోజూ బస్సులో కొమరోలు దగ్గరున్న ఒక ప్రైవేటు బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళేదాన్ని. బడి వార్షికోత్సవం ఫోటోలన్నీ నా ఫోనులోనే ఉన్నాయి. వాటిని ఆఫీసు కంప్యూటర్లో వేయాలన్నారు.

"మీ అకౌంటుతో ఇందులో లాగినయితే చాలు మేడమ్, అవే వచ్చేస్తాయి" అన్నాడు గుమాస్తా.

అయ్యాను. ఫోటోలు వాటంతట అవే వస్తుంటే ముచ్చటేసింది కూడా. పనయ్యాక లాగవుట్ కావాలని నాకు తట్టలేదు. అతనూ చెప్పలేదు.

కొన్నాళ్ళకు ఒంట్లో బాగాలేక డాక్టరు దగ్గరికి వెళ్తే, స్కాన్ చూసి, గర్భసంచిలో గడ్డ ఉంది, సంచి తీసేయడమే మంచిదన్నారు. నాకింకా నలభై నిండలేదు. ఏం చేయాలో తేల్చుకునేదాకా ఇంట్లో చెప్పదలచుకోలేదు. రిపోర్టు ఫోటో తీసి మార్కాపురంలో ఉన్న అక్కకు మాత్రం పంపాను. మందులతో తగ్గుతుందా అని బస్సులో కూర్చుని ఫోనులో వెతుక్కున్నాను.

ఒక పొద్దున బడి గేటు దాటగానే, గదులు ఊడ్చే ఆయమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏందమ్మా, గడ్డ ఉందంట గదా? తీయించుకో, పీడా పోతాది. నాకూ తీసినారు."

"నీకెవరు చెప్పినారు?"

"ఆఫీసులో అనుకుంటా ఉండారు."

నా ఒళ్ళు భగ్గుమంది. నేరుగా ఆఫీసులోకి వెళ్ళాను. హెడ్మాస్టరు కూడా అక్కడే ఉన్నారు.

"మీ అకౌంటు ఇందులో ఇంకా తెరిచే ఉంది మేడమ్. ఫోటోలు చూస్తా ఉంటే మధ్యలో అది కనపడింది. నేను కావాలని చూడలా" అన్నాడు గుమాస్తా.

"చూస్తే చూసినావు. అందరికీ చెప్పమని కూడా అందులో రాసుండిందా?"

హెడ్మాస్టరు నవ్వారు. "మనమంతా ఒక కుటుంబం లాంటోళ్ళం తల్లీ. దాచుకునేంత ఏముంది ఇందులో?"

"మా ఇంట్లోవాళ్ళకే నేనింకా చెప్పలేదు సార్."

ఆయన గుమాస్తా వైపు తిరిగి, "అవన్నీ తీసెయ్యి అబ్బాయ్" అన్నారు. అతను నా ముందే అన్నీ ఒకేసారి ఎంచి డిలీట్ కొట్టాడు. క్లాసుకెళ్ళి ఫోను తెరిచాను. రిపోర్టే కాదు, మా పిల్లల ఫోటోలు కూడా ఒక్కటీ లేదు. మళ్ళీ పరుగెత్తాను.

"రెండూ ఒకటే అకౌంటు గదా మేడమ్. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతాయి" అన్నాడు, నాకే తెలియనట్టు.

అక్కకు ఫోను చేస్తే, తీసేసినవి కొన్నాళ్ళు ట్రాష్‌లో ఉంటాయి, వెతకమంది. ఉన్నాయి. అన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. వెంటనే పాస్‌వర్డు మార్చి, ఆ కంప్యూటర్ని నా అకౌంటు నుంచి తీసేశాను.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి, నేను చెప్పకముందే మా ఆయన వినేశారు. మా బడిలో పిల్లవాణ్ణి చదివించే ఆయన స్నేహితుడు, ఆపరేషను ఎప్పుడని అడిగాడట.

"ఊళ్ళోవాళ్ళకు తెలిసినాక నాకు తెలియాల్నా?" అన్నారు.

నేను చెప్పాల్సిన మాట, నేను చెప్పుకోవాల్సిన తీరులో చెప్పుకునే వీలు లేకుండా చేశారు ఆఫీసులోవాళ్ళు. ఆ రాత్రంతా సంజాయిషీలతోనే సరిపోయింది.

ఆ ఆదివారం అక్క మార్కాపురంలో మరో డాక్టరమ్మకు చూపించింది. గడ్డ చిన్నదే, తొందరపడొద్దు, ముందు మందులు వాడి చూద్దామన్నారామె. ఈసారి ఆయన కూడా నా పక్కనే కూర్చుని విన్నారు.

తర్వాతి వారం స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టరు, "మేడమ్‌లు సొంత విషయాలు ఫోన్లలో పెట్టుకునేటప్పుడు జాగ్రత్తగా ఉండాల" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "ఫోను నాది, ఒళ్ళు నాది. జాగ్రత్త చెప్పాల్సింది నాకు కాదు సార్. కంప్యూటరు ముందు కూర్చున్నోళ్ళకు చెప్పండి."

నాకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. హాజరు పట్టీ తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయాను.