రాజుగారి సభలో కుక్కర్ ఈల

స్టవ్ మీద కుక్కర్ లేదు. మధ్యాహ్నమే కడిగి బోర్లించాను. అయినా ఆ ఆదివారం సాయంత్రం వాక్‌మన్ చెవులకు తగిలించుకుని క్యాసెట్ సరిచూస్తుంటే, రాజుగారి సభలో మంత్రి నోరు తెరిచిన క్షణాన కుక్కర్ ఈల వేసింది.

మర్నాటి నుంచి పిల్లలు మొదటిసారి స్కూలు బస్సెక్కాలి. అప్పటిదాకా మావారే మియాపూర్ నుంచి బాచుపల్లికి స్కూటర్ మీద దింపేవారు. ఆయన ఆఫీసు హైటెక్ సిటీకి మారడంతో అది కుదరలేదు. మూడో తరగతి చదివే మా అమ్మాయికి బస్సంటే వణుకు. కథ వింటూ వెళ్తేనే ఏడవనని షరతు పెట్టింది. అక్క ఏడిస్తే ఒకటో తరగతి తమ్ముడూ అందుకుంటాడు.

విదేశాల్లోని తెలుగువాళ్ళు కొందరు వారం వారం పిల్లల రేడియో కార్యక్రమం ఇంటర్నెట్‌లో పెట్టేవారు. ఫోను లైను తెగుతూ అతుకుతూ అందులో ఒక కథ మా కంప్యూటర్‌లోకి దిగడానికి అంతకుముందు ఆదివారమంతా పట్టింది. తీరా దిగాక, అది కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా పాడని రకం ఫైలు. పై వాటాలో ఉండే సాఫ్ట్‌వేర్ అమ్మాయిని అడిగాను.

"గంతేనా అక్కా. ఒక దిక్కు కథ నడుస్తుంటే ఇంకో దిక్కు రికార్డు పెట్టు. వేరే ఫైలయితది. దాన్ని వైరుతోని క్యాసెట్‌ల ఎక్కించు. ఇగ ఫికరేముంది?"

చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి నాటకాలు రికార్డు చేసేవాళ్ళం. ఆ అలవాటుకొద్దీ ఈ ఆదివారం పొద్దున స్పీకర్ ముందు మైకు నిలబెట్టి, ఫ్యాను ఆపి, పిల్లలను పక్క గదిలో కూర్చోబెట్టాను. కాసేపు ఊపిరి బిగబట్టాను. తరువాత సంగతి మరిచి వంటలో పడ్డాను. మధ్యాహ్నం ఆ ఫైలును వైరుతో క్యాసెట్‌లోకి ఎక్కించాను.

ఈల విన్నాక పై వాటాకు పరుగెత్తాను. ఆ అమ్మాయి వచ్చి, విని, నేలమీద కూలబడి నవ్వింది.

"మైకెందుకు పెట్టినవక్కా? కంప్యూటర్ లోపల్నే ఇనుకుంటది గద. పోనీ, అసలు ఫైలుంది గదా, మళ్ల చేద్దాం."

"లేదు. డిస్కు నిండిందంటే తీసేశాను. సైటులో చూస్తే ఈ వారం వేరే కథ పెట్టేశారు."

"సంపినవ్ పో."

మావారు ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని క్యాసెట్ మొత్తం విన్నారు. రాజు యుద్ధానికి బయల్దేరగానే నా గొంతు: "నీళ్ళు తాగారా? ఆ కిటికీ ఎవరు తీశారు?"

"మంత్రికన్నా నీకే డైలాగులు ఎక్కువోయ్" అన్నారు.

"నవ్వకండి. రేపు పిల్ల బస్సెక్కనంటే ఏం చేస్తారు?"



పొద్దున గేటు దగ్గర ఇద్దరికీ చెరో చెవికి ఇయర్‌ఫోన్ పెట్టాను. అమ్మాయి పెదవి అప్పటికే వణుకుతోంది.

"కథ మధ్యమధ్యలో నేనూ మాట్లాడతాను" అన్నాను. "ఏం అడిగినా బస్సులో పైకి జవాబు చెప్పకండి. ఇంటికొచ్చాక చెబుదురుగాని."